పెన్సిలుతో రాసిన పేరు

యాభై తొమ్మిదేళ్ళ మనిషి. మోకాళ్ళ నొప్పులు, ముక్కు మీదికి జారిపోయే కళ్ళద్దాలు, చెంపల దగ్గర తెల్లబడ్డ జుట్టు. అలాంటి మనిషి జీతం కాగితం మీద, పేరు అన్న చోట, "పాప" అని ఉంటుంది. నవ్వితే నవ్వండి గానీ, అచ్చులో ఉన్న మాట అది.

ఆవిడ పుట్టినప్పుడు ఆసుపత్రివాళ్ళు ఫారమంతా నింపి పేరు గడి ఒక్కటీ ఖాళీగా వదిలారు. వాళ్ళ నాన్న "వచ్చే వారం వెళ్ళి రాయించి వస్తాలే" అన్నాడు. మంచి మనిషే పాపం, కానీ ఆయన క్యాలెండరులో ఆ వారం ఎప్పటికీ రాలేదు. కొన్నేళ్ళకు పాత రిజిస్టరును కొత్తదాంట్లోకి ఎత్తి రాసిన మహానుభావుడెవరో ఖాళీ గడి చూసి విసుక్కుని, ఆడా మగా అన్న గడిలో ఉన్న "పాప"ను లాక్కొచ్చి పేరు గడిలో పడేశాడు. ఇంట్లో ఎలాగూ పాపాయి అనే పిలిచేవాళ్ళు కాబట్టి ఎవరికీ కొరత అనిపించలేదు. పెళ్ళయ్యాక పాపాయమ్మ అయింది. ప్రసూతి వార్డులో చేరాక పాపాయమ్మ ఆయా అయింది.

ఆ పేరంటే ఆవిడకు కోపమేమీ లేదు. ఖాళీ గడి అంటేనే ఒంటికి పడదు. ఇంటి ముందు గదిలో వాళ్ళాయన గడియారాలు బాగుచేస్తాడు. వాచీ ఇచ్చినవాళ్ళ పేరు రాసుకోమంటే "నల్ల పట్టీ, పగిలిన అద్దం" అని రాసుకుంటాడు. సాయంత్రం ఆవిడ వచ్చి ఆ చీటీలు చూసిందా, ఇక ఆయన పని అయిపోయినట్టే.

"ఏమండీ, ఇది మనిషి పేరా? రేపు ఇంకో నల్ల పట్టీ వస్తే ఏం చేస్తారు?"

"ఇంకో పగిలిన అద్దం కూడా కలిసి రావాలి కదా పాపాయీ," అంటాడాయన భూతద్దం కంటినుంచి తియ్యకుండా. ముప్పై ఏళ్ళుగా అదే ప్రశ్న, అదే జవాబు. ఇద్దరికీ అది లేకపోతే టీ దిగదు.

వార్డు సంగతి చెప్పాలి. పొడుగాటి గది, వీధి వైపు కిటికీలు, వరసగా పన్నెండు ఉయ్యాల తొట్లు. కిటికీ పక్కనే పసివాళ్ళకు స్నానం చేయించే బేసిన్. నీళ్ళ వేడి చేతివేళ్ళతో చూడకూడదు, మోచెయ్యి ముంచి చూడాలి. ఈ ముక్క కొత్తగా చేరిన ప్రతి ఆయాకూ పాపాయమ్మే నేర్పింది. పుట్టిన బిడ్డ మణికట్టుకు గాజుగుడ్డ పట్టీ కట్టి, దాని మీద తల్లి మంచం నంబరు రాస్తారు. పేరు పెట్టేదాకా ఆ బిడ్డ నర్సులందరికీ "ఐదో నంబరు," "తొమ్మిదో నంబరు." పాపాయమ్మకు ఇది గిట్టేది కాదు. "బస్సుకైతే నంబరు ఉండాలి గానీ బిడ్డకెందుకమ్మా?" అనేది.

ఆవిడ చేరిన కొత్తలో వార్డుకు ఒక పెద్ద సిస్టరు ఉండేది. ఎక్కడో దూరాన పుట్టి పెరిగిన మనిషి, ఇంట్లో మాట్లాడే భాష అరబ్బీ. కాన్పు కాగానే ఆమె తలుపు తీసి, బయట బెంచీ మీద గోళ్ళు కొరుక్కుంటున్న వాళ్ళకు ముందుగా ఒకటే మాట చెప్పేది: "బుష్రా!" ఆ తర్వాతే ఆడపిల్లో మగపిల్లాడో చెప్పడం. ఆ మాటకు అర్థం తెలియనివాళ్ళు కూడా ఆమె మొహం చూసి లేచి నిలబడి ఒకళ్ళనొకళ్ళు పట్టుకునేవాళ్ళు.

"ఏంటి సిస్టరూ దానర్థం?" అని పాపాయమ్మ ఒకరోజు అడిగింది.

"శుభవార్త అని. మా వైపు ఆడపిల్లలకు పేరు కూడా పెడతారు. పిల్లే శుభవార్త అన్నమాట. ఇంకా ఏం కావాలి?"

ఇంకేం అక్కర్లేదనిపించింది పాపాయమ్మకు. ఆ రోజునుంచి వార్డులో పేరులేని ఆడపిల్ల ఏడిస్తే "వచ్చా వచ్చా, మా బుష్రాకి ఆకలేసిందా?" అంటూ ఎత్తుకునేది. సిస్టరు రిటైరై వెళ్ళిపోయింది, మాట మాత్రం వార్డులో ఉండిపోయింది.

ఇంతవరకూ అంతా బాగానే ఉంది. అసలు కథ పదమూడేళ్ళ కిందట, వార్డు గుమాస్తా బదిలీ అయి అతని కుర్చీలోకి ఇంకెవరూ రానప్పుడు మొదలైంది. జనన ఫారాలు నింపేదెవరు? సిస్టర్లకు తీరిక లేదు. పాపాయమ్మ ఎనిమిదో తరగతి చదివింది, అక్షరాలు ముత్యాల్లా రాస్తుంది. ఆ పని ఆవిడ మెడకు చుట్టుకుంది. నిజం చెప్పాలంటే చుట్టుకోవడం కాదు, ఆవిడే సంతోషంగా మెడ చాచింది.

ఫారం రెండు కాగితాలు. పైన తెల్లది, కింద నీలం రంగుది, మధ్యలో కార్బన్. మూడో రోజు మధ్యాహ్నం బంట్రోతు వచ్చి నీలం కాగితాలు రిజిస్ట్రారు ఆఫీసుకు పట్టుకుపోతాడు. తెల్లవి వార్డులో ఉంటాయి. తల్లీబిడ్డా ఇంటికి వెళ్ళే రోజున వాటిని చూసే డిశ్చార్జి కాగితం రాసిస్తారు.

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని సామెత ఉంది గానీ, కూతురి పేరు మీద అలాంటి సామెత ఒక్కటీ లేదు. మగపిల్లాడికి తాత పేరు తగిలించి చేతులు దులిపేసుకుంటారు. ఆడపిల్ల దగ్గరికి వచ్చేసరికి ఇంటిల్లిపాదికీ ఎక్కడలేని అభిరుచులూ పుట్టుకొస్తాయి. మేనత్త ఒకటంటుంది, అమ్మమ్మ ఇంకొకటంటుంది, తండ్రి ఇద్దరి మధ్యా నలిగి "మీ ఇష్టం" అంటాడు. మూడో రోజు వచ్చేసినా గడి ఖాళీ. ఖాళీ గడి చూస్తే పాపాయమ్మ చెయ్యి ఊరుకోదు. పెన్సిలు తీసి, తేలిగ్గా, అందంగా, "బుష్రా" అని రాసేది. ఇంటికి వెళ్ళే రోజున పేరు చెప్తే రబ్బరుతో శుభ్రంగా చెరిపి పెన్నుతో అసలు పేరు రాసేది. నీలం కాగితం పుట్టినవాళ్ళ లెక్క కోసమే అనుకుంది. అలా కాదని చెప్పినవాళ్ళూ లేరు.

అక్కడ రిజిస్ట్రారు ఆఫీసులో పుట్టుకల గుమాస్తా అని ఒకాయన ఉన్నాడు. లెక్కలంటే ప్రాణం. ఏటా చివర్లో నోటీసు బోర్డు మీద "ఈ సంవత్సరం మన ఊరిలో ఎక్కువమంది పెట్టుకున్న పేర్లు" అని ఒక పట్టిక అంటిస్తాడు. మొదటి ఏడే ఆడపిల్లల్లో బుష్రా మొదటి స్థానానికి ఎక్కింది. గుమాస్తా ఉత్సాహం పట్టలేక నిఘంటువులు తిరగేసి పట్టిక కింద ఒక పేరా కూడా రాశాడు. ఇది అరబ్బీ పేరనీ, శుభవార్త అని అర్థమనీ, ఆ భాషలో చర్మం అన్న మాటా ఈ మాటా ఒకే ధాతువునుంచి వచ్చాయనీ, వినగానే మనిషి మొహం రంగు మారిపోయే వార్త కాబట్టి అలా అంటారని పెద్దలు చెప్తారనీ. అరబ్బు దేశాలు దాటి ఎన్నో దేశాలకు వెళ్ళిన పేరనీ, ఇప్పుడు మన ఊరికీ వచ్చిందనీ.

ఆ బోర్డు ముందు నిలబడి కొత్తగా పెళ్ళయినవాళ్ళు చదివారు. "అందరూ ఇదే పెట్టుకుంటున్నారంటే ఏదో ఉండే ఉంటుంది" అనుకున్నారు. మరుసటి ఏడునుంచి నిజంగానే పెట్టుకోవడం మొదలుపెట్టారు. పేరు ఊళ్ళో నిలదొక్కుకుంది.

ఈ ఏడు బళ్ళకు కొత్త నిబంధన వచ్చింది. ఆరో తరగతినుంచి పిల్లల పేర్లు డిశ్చార్జి కాగితం చూసి కాదు, నేరుగా జనన రిజిస్టరునుంచే తీసుకోవాలట. జాబితా తయారైంది. ఒక్క ఆరో తరగతిలోనే పద్నాలుగు మంది బుష్రాలు. అందులో పన్నెండు మంది తల్లిదండ్రులు "ఎవరండీ ఈ బుష్రా?" అని బడికి పరిగెత్తుకొచ్చారు.

గుమాస్తా నీలం కాగితాల కట్ట చంకన పెట్టుకుని వార్డుకు వచ్చాడు. పాపాయమ్మ బేసిన్ దగ్గర తువ్వాళ్ళు మడత పెడుతోంది.

"ఆయమ్మా, ఈ చేతిరాత ఎవరిది?"

"నాదే సార్. ఏం, బాగాలేదా?"

"బాగానే ఉంది. వచ్చిన చిక్కల్లా అదే."

తెల్ల కాగితం, నీలం కాగితం పక్కపక్కన పెట్టి చూపించాడు. తెల్లదాని మీద పెన్నుతో రాసిన అసలు పేరు. నీలందాని మీద, నిండుగా, స్పష్టంగా, బుష్రా.

"నేను పెన్సిలుతోనే రాశాను సార్! వాళ్ళు పేరు చెప్పాక చెరిపేశాను. చూడండి, మచ్చ కూడా లేదు."

"పైన చెరిపారమ్మా. కింద?"

పాపాయమ్మ నీలం కాగితం అందుకుని చూసింది. కార్బన్ కాగితానికి పెన్సిలయినా పెన్నయినా ఒకటే, చెరపడం అన్న విద్య దానికి తెలియదు. పదమూడేళ్ళుగా చేత్తో తడుముతూ కూడా ఈ సంగతి ఆవిడకు తట్టలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఎంతమంది సార్?"

"నూట నలభై మూడు." గుమాస్తా కూడా ఎదురు స్టూలు మీద కూర్చున్నాడు. కాసేపు కిటికీ వైపు చూశాడు. "మా మనవరాలి పేరు కూడా బుష్రానే."

"అయ్యో! మీరు కూడా మూడో రోజుకి పేరు చెప్పలేదా?"

"చెప్పాం. నేనే చెప్పించాను, ఊళ్ళో అందరూ పెట్టుకుంటున్నారు కదా అని. మా కోడలు వద్దంటే పట్టిక చూపించి మరీ ఒప్పించాను."

ఏడవాల్సిన వేళ పాపాయమ్మకు నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. గుమాస్తా కోపంగా చూసి, చూసి, తనూ నవ్వేశాడు. అయితే ఆ నవ్వు ఎంతసేపు?

మర్నాడు పెద్ద డాక్టరమ్మ గదిలోకి పిలిచింది. ఆదివారం రిజిస్ట్రారు ఆఫీసులో అందరికీ ఉచితంగా పేర్లు సరిచేస్తారనీ, ఉత్తరాలు వెళ్ళాయనీ చెప్పింది. "నువ్వు కావాలని చేసింది కాదని నాకు తెలుసు ఆయమ్మా. కానీ ఒక్క కుటుంబం రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చినా విషయం నా చేతులు దాటిపోతుంది. వార్డునుంచి తీసేస్తారు."

ఎనిమిది నెలల్లో రిటైర్మెంటు. ఆ వార్డులో ఒక ఆనవాయితీ ఉంది. రిటైరయ్యే ఆయా ఆఖరి రోజున, ఆ పొద్దున పుట్టిన మొదటి బిడ్డకు తనే స్నానం చేయించి, తనే ఎత్తుకుని తలుపు దాకా వెళ్ళి ఇంటివాళ్ళకు వార్త చెప్తుంది. మిగతా రోజుల్లో అది సిస్టర్ల పని. పాపాయమ్మ ముప్పై నాలుగేళ్ళుగా ఆ ఒక్క పొద్దుటి కోసం చూస్తోంది. తలుపు తీశాక ఏ మాట అనాలో కూడా ఎప్పుడో నిర్ణయించుకుంది.

ఫిర్యాదు ఎవరిస్తారా అని ఎక్కువ వెతుక్కోనక్కర లేకపోయింది. మధ్యాహ్నానికే ఆమె వచ్చింది. మార్కెట్టు వీధిలో బట్టలు కుట్టే టైలరమ్మ. మెడలో కొలతల టేపు తియ్యకుండానే వచ్చేసింది.

"నా కూతురికి పేరు పెట్టడానికి నువ్వెవరు?" అంది గుమ్మంలోనే.

పాపాయమ్మ ఆమెను చూడగానే గుర్తుపట్టింది. ఐదో నంబరు మంచం. పదకొండేళ్ళ కిందట కాన్పు తర్వాత జ్వరం తగులుకుని తొమ్మిది రోజులు ఒంటి మీద తెలివి లేదు. బిడ్డ ముచ్చటైన బిడ్డ, ఎడమ చెవి కింద చిన్న పుట్టుమచ్చ.

టైలరమ్మ చెప్పిన సంగతి ఇది. కూతురు చిట్టి పరుగు పందెంలో బడి మొత్తానికీ మొదటిదిగా వచ్చింది. సర్టిఫికెట్టు మీద బడివాళ్ళు కొత్త జాబితా చూసి బుష్రా అని అచ్చువేశారు. స్టేజీ మీద "బుష్రా!" అని పిలిస్తే చిట్టి కదల్లేదు. తన పేరు అదని దానికేం తెలుసు? క్లాసులో ఉన్న ఇంకో బుష్రాను పక్కపిల్లలు ముందుకు తోశారు, హెడ్మాస్టరు ఆ పిల్ల చేతిలో పెట్టేశాడు.

"నా బిడ్డ చెమటోడ్చి పరిగెత్తింది. ఇంకెవరింట్లోనో గోడకి వేలాడుతోంది. ఆదివారం వస్తాను. ఖాళీ చేతుల్తో రాను, కాగితం రాసుకుని వస్తాను."

పాపాయమ్మ అడ్డం చెప్పలేదు. "రామ్మా," అంది. అంతకన్నా ఏమనగలదు? తప్పు తనది, దాన్ని సన్నగా కోసి ఇంకొకరికి పంచలేదు.

ఆ సాయంత్రం నల్ల పట్టీ మీద దెబ్బలాట లేదు. ఆయనే భయపడి భూతద్దం తీసేసి "ఏమైంది పాపాయీ?" అని అడిగాడు. ఆవిడ చెప్పింది. చెప్తూ ఏడ్చేసింది. "ఉద్యోగం పోతే పోయింది. ఆ పిల్ల కాగితం ఎవరింటి గోడకో ఉందంటే నాకు అన్నం సయించట్లేదండీ."

"అయితే వెళ్ళి తెచ్చిపెట్టు," అన్నాడు గడియారాలాయన. "విరిగిన ముల్లును తలుచుకుని ఏడిస్తే గడియారం తిరుగుతుందా?"

మర్నాడు సెలవు పెట్టి వెతుక్కుంటూ వెళ్ళింది. ఆ ఇంకో బుష్రా బేకరీ ఆయన కూతురు. పట్టిక చూసి ముచ్చటపడి పెట్టుకున్న అసలు సిసలు బుష్రా. కొట్లో గల్లాపెట్టె వెనక, రొట్టెల అలమార పైన, సర్టిఫికెట్టు అద్దాల ఫ్రేములో మెరుస్తోంది. బేకరీ ఆయన వచ్చినవాళ్ళకల్లా చూపిస్తున్నాడు.

పాపాయమ్మ నెమ్మదిగా సంగతి చెప్పేసరికి ఆయన గొంతు పెరిగింది. "మా అమ్మాయి పేరే కదమ్మా ఉంది? చదువు రాదా మీకు?"

అప్పుడు వెనక గదినుంచి పిల్ల వచ్చింది. బొద్దుగా, బుగ్గల్నిండా పిండి. తండ్రి చొక్కా పట్టుకుని నేల చూపులు చూస్తూ అంది: "నాన్నా, నేను ఆ రోజు పరిగెత్తనే లేదు. నీళ్ళ డబ్బా దగ్గర కూర్చున్నాను. నువ్వు అందరికీ చెప్పుకుంటూ సంతోషంగా ఉన్నావని చెప్పలేదు."

 బేకరీ ఆయన స్టూలెక్కి ఫ్రేము దింపి, చేతిగుడ్డతో అద్దం తుడిచి, రొట్టెలు చుట్టే కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఫ్రేముకు డబ్బులివ్వబోతే తిట్టాడు. పిల్ల తల మీద చెయ్యి వేసి, "పరిగెత్తకపోతే ఏం, నిజం చెప్పావు," అన్నాడు. పాపాయమ్మకు ఆ పిల్లను ముద్దు పెట్టుకోవాలనిపించింది. పెట్టుకుంది కూడా, పిండి అంటితే అంటింది.

ఆదివారం వచ్చింది. రిజిస్ట్రారు ఆఫీసు హాల్లో బెంచీలు చాలక మెట్ల మీద కూడా కూర్చున్నారు. చివర్న చెక్క కిటికీ, దాని వెనక పుట్టుకల గుమాస్తా, ముందు ఎర్ర సిరా సీసా, స్కేలు. పాపాయమ్మ కిటికీ పక్కనే నిలబడింది. ప్రతి కుటుంబానికీ చేతులు జోడించి "నావల్లే జరిగిందమ్మా, మన్నించండి" అని చెప్పింది. కొందరు విసుక్కున్నారు, కొందరు నవ్వారు. ఒక తాతగారు మాత్రం "పోనీలేమ్మా, పెన్సిలుకి మా ఇంట్లోవాళ్ళకన్నా బుద్ధుంది, మూడు రోజుల్లో తేల్చింది" అన్నాడు.

గుమాస్తా స్కేలు పెట్టి ఎర్ర గీత గీయడం, పక్కన అసలు పేరు రాయడం. గీత గీసినప్పుడల్లా పాపాయమ్మకు లోపల చివుక్కుమనేది. మంచి పేరే కదా, ఎవరికీ అక్కర్లేకపోయిందే అనిపించేది. ఆ వెంటనే తనను తనే తిట్టుకునేది. ఇక నిజంగా పెట్టుకున్న బుష్రాలు ఒక వైపు బెంచీల్లో గుంపుగా చేరి, "మా పేరెందుకు కొట్టేస్తారు? మాది సరిగ్గానే ఉంది!" అని గోల చేస్తున్నారు. వాళ్ళ ఉత్తరాల మీద సరిగ్గా ఉందని ముద్ర వేసి పంపడం ఇంకో పని. బేకరీ వారి బుష్రా, గుమాస్తా మనవరాలు అందులోనే ఉన్నారు.

పదకొండు గంటలకు టైలరమ్మ వచ్చింది. పక్కన చిట్టి, కొంగలా పొడుగాటి కాళ్ళతో. టైలరమ్మ చేతిసంచిలోనుంచి మడిచిన కాగితం కొస కనిపిస్తోంది. 

పాపాయమ్మ చుట్టిన కాగితం విప్పి ఫ్రేము చిట్టి చేతిలో పెట్టింది. పిల్ల కళ్ళు ఇంతయ్యాయి. "అమ్మా, నాదే! చూడు, వంద మీటర్లు!" టైలరమ్మ ఒకసారి చూసి మొహం తిప్పుకుంది.

"ఫ్రేము తెస్తే తప్పు పోతుందా?"

"పోదమ్మా," అంది పాపాయమ్మ. "తప్పు తప్పే. ఇది పిల్లది, పిల్లకి ఇచ్చాను. నీ కాగితం నువ్వు ఇవ్వు."

గుమాస్తా చిట్టి వరస పిలిచాడు. డిశ్చార్జి కాగితం మీద ఇన్నాళ్ళూ చిట్టి అనే ఉంది, ఇప్పుడు నాయనమ్మ పేరు రాయించుకోవాలని ఇంట్లో అనుకుని వచ్చారు. స్కేలు పెట్టాడు, గీత గీశాడు, కొత్త పేరు రాశాడు. చిట్టి కిటికీ మీదికి వంగి ఆ గీతనే చూస్తోంది.

"ఈ కొట్టేసిన పేరు ఇప్పుడు ఏమవుతుంది తాతా?"

"ఏమవుతుంది, ఏమీ కాదు. ఊరికే ఉంటుంది."

చిట్టి పాపాయమ్మ వైపు తిరిగింది. "ఈ పేరు మీరెందుకు రాశారు ఆయమ్మా? ఖాళీగా వదిలెయ్యచ్చు కదా?"

ఈ ప్రశ్న నూట నలభై మూడు కుటుంబాల్లో ఎవరూ అడగలేదు. పాపాయమ్మ మెడలో వేలాడే ఆసుపత్రి కార్డు తీసి పిల్లకు చూపించింది. చిట్టి కూడబలుక్కుని చదివింది. పేరు: పాప. మళ్ళీ చదివింది. పకపకా నవ్వింది.

"ఇంత పెద్దవాళ్ళు, పాపేంటి!"

"ఖాళీగా వదిలేశారమ్మా. వదిలేస్తే ఇలా అవుతుంది. నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మకి ఒళ్ళు తెలియని జ్వరం. తొమ్మిది రోజులు నిన్ను నేనే ఎత్తుకున్నాను. అన్ని రోజులు నిన్ను ఐదో నంబరు అని పిలవడానికి నాకు నోరు రాలేదు."

చిట్టి నవ్వడం ఆపింది. ఎర్ర గీత కింద ఉన్న పేరును, కార్డును మార్చి మార్చి చూసింది.

"అయితే ఇది మీరు తీసుకోండి ఆయమ్మా. నాకు అక్కర్లేదు కదా, ఊరికే ఉందిగా."

హాల్లో గోల కొంచెం తగ్గింది. పాపాయమ్మ "నాకెందుకులే తల్లీ ఈ వయసులో" అనబోయింది. గుమాస్తా కళ్ళద్దాలు సర్దుకుని గబగబా అన్నాడు: "ఇవాళ పేర్లు సరిచేసే రోజే. ఎవరిదైనా సరిచేయొచ్చు. పెద్దవాళ్ళయితే మాత్రం, ఇంటివాళ్ళు కాని మనిషి ఒకరు ఎరుగుదునని రాసి సంతకం పెట్టాలి."

టైలరమ్మ సంచిలోనుంచి మడిచిన కాగితం తీసింది. విప్పింది. అటు నిండా రాసి ఉంది. దాన్ని బోర్లా తిప్పి కిటికీ చెక్క మీద పరిచి, "పెన్ను ఇవ్వండి సార్," అంది.

ఆమె అక్షరాలు కుట్టు వేసినంత నెమ్మదిగా పడ్డాయి. "ఈమెను పదకొండేళ్ళుగా ఎరుగుదును. నా బిడ్డను నాకంటే ముందు తొమ్మిది రోజులు ఎత్తుకున్న మనిషి. ఈమె పేరు బుష్రా." కింద సంతకం పెట్టింది.

గుమాస్తా కాగితం అందుకుని అనుమానంగా అన్నాడు: "వెనక వైపు ఏదో రాసుందే?"

"ముందు వైపు చదవండి. వెనక వైపుతో మీకు పని లేదు." అని, ఎందుకైనా మంచిదని కాగితం వెనక్కి లాక్కుని ఆ రాసిందాని మీద అడ్డంగా రెండు గీతలు కొట్టి మళ్ళీ ఇచ్చింది. తర్వాత పాపాయమ్మ వైపు చూడకుండా, "నిన్న మరీ ఏకవచనంలో మాట్లాడాను, ఏమీ అనుకోకండి," అంది.

"నిన్న కాదమ్మా, మంగళవారం," అంది పాపాయమ్మ, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. టైలరమ్మకు నవ్వు ఆగలేదు.

గుమాస్తా కొత్త రిజిస్టరు తెరిచాడు. "పని పూర్తయ్యాక పిలుస్తాను, కూర్చోండి," అన్నాడు. పాపాయమ్మ వెళ్ళి బెంచీ చివర కూర్చుంది. ముప్పై నాలుగేళ్ళలో ఆ ఆఫీసు బెంచీ మీద కూర్చోవడం అదే మొదటిసారి. చిట్టి వచ్చి ఫ్రేము ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చుంది. తలుపు దగ్గర గడియారాలాయన ఎప్పుడు వచ్చాడో, నిలబడి ఉన్నాడు. దూరంనుంచే ఆవిడ మొహం చూసి, ఏమీ అడక్కుండానే నవ్వాడు.

కాసేపటికి కిటికీలోనుంచి గుమాస్తా కేకేశాడు. "బుష్రా!"

అటు పక్క బెంచీల్లో పద్దెనిమిది మంది ఒక్కసారే "ఆ!" అన్నారు. కొందరు లేచి నిలబడ్డారు. బేకరీ వారి పిల్ల కిటికీ దాకా వెళ్ళిపోయింది. పాపాయమ్మ కూడా తల తిప్పి, ఎవరో ఈ పిల్ల, పిలిస్తే త్వరగా వెళ్ళకుండా అని హాలంతా చూస్తోంది.

చిట్టి మోచేత్తో పొడిచింది. "ఆయమ్మా, మిమ్మల్నే."